పుట్టింటికి వెళ్లొచ్చిన పొట్ట

గోదావరిఖని
1974 జనవరి

ప్రియమైన ఆడబిడ్డ లిడియాకు,

నీ వదిన సుసన్నా కోపంతో రాస్తున్న ఉత్తరం ఇది. ముందు కోపం అందుకో, వందనాలు తర్వాత తీసుకుందువు.

మా రూతుకు నువ్వు తెచ్చిన సంబంధం మంచిదే. కాదనను. తీతు బుద్ధిమంతుడు, కాసిపేట గనిలో ఫిట్టరు, పెద్దవాళ్ల ముందు కాలు మీద కాలు వేసుకోడు. రూతు అయితే ప్రధానం రోజు వేసిన ఉంగరాన్ని స్నానానికి కూడా తీయడం లేదు. కానీ అతని తల్లి యేసమ్మ నీ పక్కింట్లోనే ఇన్నేళ్లుగా ఉంది కదా, ఆమెకు నోరు అదుపులో పెట్టుకోవడం ఒక్కటైనా నేర్పలేకపోయావా? బడిలో అంతమంది పిల్లలకు నేర్పుతావే!

ప్రధానం రోజు నువ్వు వంటల దగ్గర ఉన్నావు, చూడలేదు. పాస్టరుగారు ఉంగరం మీద ప్రార్థన చేసి ఆమేన్ అన్నారో లేదో, యేసమ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. అందరి ముందు నా పొట్ట మీద చెయ్యి వేసి, "ఎన్నో నెల నడుస్తంది వదినె?" అని అడిగింది.

బగారన్నం వడ్డిస్తున్నవాళ్లు గరిటె ఆపేశారు. మీ అన్న క్యాంపులో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని రెండేళ్లు దాటిందని ఈ కాలనీలో తెలియని వాళ్లు లేరు. ఆ రోజు మీ అన్నతో పాటే వెళ్లి చేయించుకున్న సిరాజుద్దీన్ అక్కడే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నా పొట్టనే చూస్తున్నాడు పాపం.

"ఏ నెలా లేదు వదినా, ఐదుగురు పిల్లల్ని మోసిన పొట్ట, అంతే" అన్నాను నవ్వుతూ. ఇంటికి వచ్చాక నవ్వలేదు.

లిడియా, ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. చిన్నోడు పుట్టినప్పటి నుంచి వింటున్నాను. నల్లా దగ్గర అడుగుతారు, రేషన్ దుకాణంలో అడుగుతారు. బస్సులో కండక్టరు అడగకుండానే ఎవరినో ఒకరిని లేపి సీటు ఇప్పిస్తాడు, ఆ పొట్ట వల్ల నాకు దక్కిన లాభం అదొక్కటే. పైగా ఈ మధ్య దగ్గితే బొడ్డు పక్కన ఒక గడ్డ బయటికి వచ్చి, పడుకుంటే లోపలికి పోతోంది. మా అమ్మ వాళ్ల ఊరి దగ్గర మిషన్ ఆసుపత్రిలో చూపించుకున్నాను. లోపలి కండ రెండుగా విడిపోయిందట, ఆ సందులోంచి పేగు తొంగి చూస్తోందట. దాన్ని లోపలికి నెట్టి, కండను దగ్గరికి కుట్టి, వేలాడే చర్మం కూడా కత్తిరించి కుట్టేస్తానంది డాక్టరమ్మ. దర్జీ రవిక సైజు తగ్గించినట్టు చెప్పింది.

చేయించుకుంటున్నాను. మే నెలలో రూతు పెళ్లి. ఆ రోజు పెళ్లికూతురి తల్లిగా నిలబడినప్పుడు ఒక్కరంటే ఒక్కరు నన్ను ఆ ప్రశ్న అడగకూడదు. నాకు కావలసింది అంతే.

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. ఆపరేషన్ అని యేసమ్మ చెవిన పడితే, "తల్లికి ఏం రోగమో, పిల్లకు కూడా వస్తదేమో" అంటుంది. మీ అన్న చేత బైబిల్ మీద చెయ్యి పెట్టించి మాట తీసుకున్నాను. "ఎవ్వరడిగినా చెప్పనే" అన్నాడు. నీ మీద ఆ పాటి నమ్మకం లేదు కానీ, నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

నీ వదిన,
సుసన్నా

•

కాసిపేట
ఫిబ్రవరి మొదటి వారం

వదినకు లిడియా వందనాలు. కోపం అందింది, కొంచెం మా ఆయనకు కూడా పంచాను.

యేసమ్మ అక్క మనసు చెడ్డది కాదు వదినా. మనసుకూ నోటికీ మధ్య తలుపు లేదు, అంతే. మొన్న మా హెడ్మాస్టరుగారిని, "ఏంది సారూ, గిట్ల ఎండిపోయినవ్, మీ ఆమె అన్నం పెడ్తలేదా?" అని బడి గేటు దగ్గరే అడిగింది. ఆయన అప్పటి నుంచి వెనక దారిన వస్తున్నారు.

నువ్వు ఆపరేషన్ చేయించుకోవడం మంచిదే. పేగుతో ఆటలాడకూడదు. కానీ నెల రోజులు ఇంట్లో కనబడకపోతే కాలనీ ఊరుకుంటుందా? ఏదో ఒక కారణం చెప్పాలి. రాత్రంతా ఆలోచించాను. "పుట్టింటికి పోతున్న" అని చెప్పు. ఆడది పుట్టింటికి వెళ్తే ఎందుకని అడిగేవాళ్లుండరు. నిజంగానే మీ అమ్మ దగ్గరే ఉంటావు కనుక అబద్ధం ఆడిన పాపమూ ఉండదు. నా తెలివి చూశావా? ఇక్కడ యేసమ్మ అక్కకు నేనే చెప్పేస్తాను.

నీ ఆడబిడ్డ,
లిడియా

•

అమ్మ ఇంటి నుంచి
ఫిబ్రవరి చివర

లిడియాకు,

బతికే ఉన్నాను. ఆపరేషన్ అయ్యింది. పేగు లోపలికి పోయింది, చర్మం పోయింది, నా బొడ్డు మాత్రం కొత్త చోటికి మారింది. పాత చోట వెతికితే దొరకదు.

మొదటి రోజు కట్టు మీంచి చెయ్యి వేసి చూసుకున్నాను. బల్లలా ఉంది! ఏడ్చేశాను సంతోషంతో. కుట్లు లాగి ఆ ఏడుపు వెంటనే నొప్పి ఏడుపు అయింది, అది వేరే సంగతి. ఇక రూతు పెళ్లికి ఏ చీర కట్టుకోవాలా అని మంచం మీదే ఆలోచించడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత వాపు వచ్చింది.

లిడియా, ఏం చెప్పను. నాలుగు రోజులు గడిచేసరికి బల్ల కాస్తా బిందె అయింది. కంగారుపడి డాక్టరమ్మను పిలిపించాను. "లోపల కత్తిరించిన చోట నీరు చేరుతుందమ్మా, ఇది అందరికీ వచ్చేదే" అంది. పెద్ద సూదితో ఒకసారి నీరు తీసింది. కాస్త తగ్గి మళ్లీ వచ్చింది. పొద్దున లేచేసరికి పొట్ట లోపలికి ఉంటుంది, సాయంత్రానికి బయటికి వస్తుంది. నా పొట్ట కూడా మీ అన్నలాగా షిఫ్టుల్లో డ్యూటీ చేస్తోంది.

"ఎప్పుడు తగ్గుతుందమ్మా?" అని అడిగితే, "నెలలు పడుతుంది. కొందరికి మూడు, కొందరికి ఆరు" అంటుంది తాపీగా. పెళ్లి ఎప్పుడో ఆమెకేం తెలుసు? ఉప్పు తగ్గించాలట. బిందె ఎత్తకూడదట. కొన్నాళ్లు నడుం వంచుకునే నడవాలట. పొట్ట చుట్టూ వెడల్పాటి గుడ్డ రాత్రింబవళ్లు బిగించి కట్టుకోవాలట. అమ్మ తన పాత నూలు చీర చింపి, నా కాన్పులప్పుడు కట్టినట్టే నడికట్టు కట్టింది. కడుతూ కడుతూ అలవాటు కొద్దీ ఊయల ఎక్కడ వేద్దామా అని దూలం వైపు చూసింది. చూసి మళ్లీ తనే నవ్వుకుంది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంత కోతా కోయించుకుని మళ్లీ అదే పొట్టతో పెళ్లిలో నిలబడాలా?

నీ వదిన

•

కాసిపేట
మార్చి

వదినా,

నీ ఉత్తరం చదివాను. ధైర్యంగా ఉండు. డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి. తగ్గుతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. మా చిన్నదానికి కొంచెం జ్వరం, ఫికర్ ఏమీ లేదు. పరీక్షల కాలం కదా, నాకు తీరిక లేదు.

యేసమ్మ అక్క నిన్ను అడుగుతూనే ఉంది. నీకోసం ప్రార్థన కూడా చేస్తోంది. స్త్రీల సమాజంలో నీ పేరు చెప్పకుండా, "దూరం పోయిన ఒక సహోదరి కోసం" అని చేస్తోంది. చాలా సేపు చేస్తోంది.

ఒక మాట. ఇంటికి వెళ్లాక ఎక్కువ బయట తిరగకు. నడికట్టు గుడ్డలు దండెం మీద ఆరేయకు. ఎందుకని అడగకు, ఊరికే చెప్తున్నాను.

లిడియా

•

గోదావరిఖని
మార్చి చివర

లిడియాకు,

నీ సలహా ఆలస్యంగా అందింది. గుడ్డలు ఆరేశాను.

ఇంటికి వచ్చిన రోజే మా పక్క క్వార్టరు సమ్మవ్వ నన్ను చూసింది. నడుం వంచుకుని, పొట్ట పట్టుకుని, మీ అన్న చెయ్యి ఆసరాతో మెట్లెక్కుతున్నాను. తెల్లారి దండెం మీద నడికట్టు చూసింది. మధ్యాహ్నానికి ఒక గిన్నెలో కాయం పట్టుకుని వచ్చింది. శొంఠి, వెల్లుల్లి, బెల్లం దంచి బాలింతకు పెడతారు చూడు, అది! నా నోట్లో ఒక ముద్ద పెట్టి, ఇల్లంతా కలియజూసి, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డేది?"

"ఏ బిడ్డ?" అన్నాను, నోట్లో కాయంతోనే.

"అయ్యో నా తల్లీ" అని నా తల నిమిరి కళ్లు తుడుచుకుంది. బిడ్డ దక్కలేదని అనుకుంది. అది కాదు సమ్మవ్వా, నేను పుట్టింటికి వెళ్లొచ్చాను అంతే అన్నాను. "పుట్టింటికి పోయినవ్ గదా, గదే గదా నేనంటున్న" అంది. నీ తెలివి మండ! ఆడది పుట్టింటికి వెళ్తే ఎందుకని ఎవరూ అడగరన్నావు. నిజమే, ఎవరూ అడగలేదు. అందరూ వాళ్లంతట వాళ్లే తెలుసుకున్నారు.

ఇంకా ఉంది. సాయంత్రం మళ్లీ వచ్చింది. అప్పటికి నా పొట్ట రెండో షిఫ్టులో ఉంది. దాన్ని అటు నుంచి ఇటు నుంచి చూసి సమ్మవ్వ మొహం పాలిపోయింది. "సుసన్నమ్మా, నిజం చెప్పు. కవలలా? ఇంకోటి లోపల్నే ఉన్నదా? జల్ది దవాఖానకు పోదాం పా" అని నా చెయ్యి పట్టి లాగింది. కుట్లు పట్టుకుని తలుపు దగ్గరే కూలబడి నవ్వాను. నవ్వితే నొప్పి, ఆపితే ఇంకా నొప్పి.

ఇక మగవాళ్ల సంగతి. నిన్న సిరాజుద్దీన్ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ మీ అన్నతో పాటు ఆ క్యాంపుకు వెళ్లినవాళ్లే. నేను లోపలి గదిలో ఉన్నాను, మాటలన్నీ వినబడ్డాయి.

"యిర్మియా భాయ్, దోస్తువని అడుగుతున్న. ఒక్కటే దినం, ఒక్కటే బల్ల, ఒక్కడే డాక్టరు. నీది పనిచెయ్యకపోతే మాది పనిచేస్తదా? ఇంట్ల మా ఆమెకు ఏం చెప్పాలె?"

"మా ఆమె పుట్టింటికి పోయొచ్చింది" అన్నాడు మీ అన్న.

"గది సరే. మా సంగతేంది?"

"మా ఆమె పుట్టింటికి పోయొచ్చింది" అన్నాడు మళ్లీ.

అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయారు. టీ తాగి, తలలు పట్టుకుని పోయారు. ముగ్గురూ ఇప్పుడు రాత్రి షిఫ్టులు అడిగి మరీ వేయించుకుంటున్నారట! ఎంత నవ్వానో చెప్పలేను.

నీ వదిన

తా.క. చెల్లెమ్మా, నేను మీ అన్నను. మీ వదినకు డాక్టరమ్మ ఉప్పు తగ్గించమన్నది. గా ఉప్పు ఇంట్ల అందరికీ తగ్గింది. నువ్వు వచ్చేటప్పుడు కొంచెం మామిడికాయ తొక్కు పట్టుకురా. మీ వదినకు చెప్పకు. ఈ ఉత్తరం ఆమెనే అంటిస్తది గనుక చూస్తదనుకో.

•

కాసిపేట
ఏప్రిల్

వదినా,

నీ ఉత్తరం చదివి నేను నవ్వలేకపోయాను. ఇన్నాళ్లు దాచాను. ఇక దాస్తే నీకు ద్రోహం చేసినదాన్ని అవుతాను.

సిరాజుద్దీన్, అతని దోస్తులు అన్న ఆపరేషన్ పనిచేయలేదేమోనని భయపడుతున్నారు. వాళ్లు మంచివాళ్లు కనుక అలా అనుకున్నారు. మిగిలినవాళ్లు అలా అనుకోవడం లేదు. అన్న ఆపరేషన్ పనిచేసిందనే అనుకుంటున్నారు. ఆ తర్వాత ఏమనుకుంటారో నేను రాయనవసరం లేదు. నువ్వు చదువుకున్నదానివి.

ఇక్కడికి ఎలా చేరిందంటావా? ప్రార్థన విన్నపంగా చేరింది. మీ చర్చిలో ఎవరో, "ఒక సహోదరి కోసం ప్రార్థించండి, పుట్టింట్లో కాన్పయింది, బిడ్డ ఏమైందో తెలియదు" అన్నారట. ఆ మాట మందమర్రి కూటంలో ఇంకొంచెం పెరిగింది, బెల్లంపల్లిలో ఇంకొంచెం. మన దగ్గర ప్రార్థన చేయాలంటే విషయం చెప్పాలి కదా! మా స్త్రీల సమాజానికి వచ్చేసరికి ఆ సహోదరి భర్త చేయించుకున్న ఆపరేషన్ కూడా విన్నపంలో చేరిపోయింది. యేసమ్మ అక్క కళ్లు మూసుకుని వింది. ఆమేన్ అనలేదు.

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "లిడియా, నా కొడుకును గసొంటి ఇంట్ల ఎట్ల ఇయ్యాలె? పెండ్లి ఆపుదాం" అంది. తీతు అలిగి అన్నం మానేశాడు. రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అన్న ఇక్కడికి వచ్చాడు వదినా, పోయిన ఆదివారం. నీకు డ్యూటీ అని చెప్పి వచ్చాడు. పెళ్లి ఆపవద్దని బతిమాలడానికి యేసమ్మ అక్క ఇంటికి వెళ్లాడు, నేను వెంట ఉన్నాను. ఆమె మొహం మీదే అడిగింది: "నీ పెండ్లాం ఎందుకు పోయింది? కడుపెట్ల వచ్చింది?"

నేను నోరు తెరవబోతే అన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మా ఆమె పుట్టింటికి పోయొచ్చింది. ఆమె మంచిది. ఇంకేమడిగినా నేను చెప్ప" అన్నాడు. అంతే. ఆమె ఎన్ని మాటలన్నా ఇంకో మాట మాట్లాడలేదు. బస్సు దగ్గర నేను ఏడిస్తే, "మాటిచ్చిన గదా చెల్లె. ఆ పొట్ట గురించి నలుగురు మాట్లాడుకుంటే ఆమె బతకలేదు. నన్నంటే అనుకోనీ" అన్నాడు.

నువ్వు టీ తాగి పోయారని నవ్వుతూ రాశావు. అన్న ఆ మాటలు గనిలో రోజూ పడుతున్నాడు వదినా.

ఏం చేద్దామో నువ్వే చెప్పు.

లిడియా

•

గోదావరిఖని

లిడియా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. కూర మాడిపోయింది, చూసుకోలేదు.

మీ అన్న డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను, "ఎందుకు చెప్పలేదు?" అని. "నువ్వు చెప్పొద్దన్నవ్" అన్నాడు. తువ్వాలు అడిగాడు. మాడిన కూరతోనే అన్నం తిన్నాడు. బాగుందన్నాడు.

ఏమీ చేయకు. వచ్చే ఆదివారం యేసమ్మను మా చర్చికి పంపు. ఏం చెప్పి పంపుతావో నీ ఇష్టం, పుట్టింటి సంగతి మాత్రం ఎత్తకు.

సుసన్నా

•

కాసిపేట

వదినా,

ఆదివారం యేసమ్మ అక్క, తీతు పొద్దున ప్యాసింజరుకు వస్తున్నారు. "తెంపుకోవాలంటే మొహం మొహం చూసుకునే తెంపుకోవాలె" అని చెప్పి ఒప్పించాను. నేను రాలేను. మా చిన్నదానికి ఈసారి ఆటలమ్మ పోసింది. ఇల్లు కదలడానికి లేదు.

ఏం చేయబోతున్నావో ఒక్క ముక్కైనా రాయలేదు. జరిగింది జరిగినట్టు రాయి.

లిడియా

•

గోదావరిఖని
ఏప్రిల్, ఆదివారం సాయంత్రం

లిడియాకు,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చర్చి కిటకిటలాడింది. యేసమ్మ వచ్చిందని తెలిసి ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. సమ్మవ్వ లోపలికి రాదు కదా, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. సిరాజుద్దీన్ గేటు బయట సైకిల్ ఆనుకుని ఉన్నాడు. పాటలయ్యాక పాస్టరుగారు ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?" అన్నారు. నేను లేచాను.

మీ అన్న నా కొంగు పట్టి లాగాడు. "వద్దే" అన్నాడు. "మాట ఇచ్చింది నువ్వు, నేను కాదు" అని ముందుకు వెళ్లాను.

లిడియా, నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఐదు కాన్పుల దగ్గర మొదలుపెట్టాను. కండ విడిపోయింది చెప్పాను, పేగు తొంగి చూసింది చెప్పాను, చర్మం కత్తిరించింది చెప్పాను. బొడ్డు చోటు మారిన దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకోబోయారు. "అయ్యగారూ, ఇంకా అయిపోలేదు" అన్నాను. కూర్చున్నారు. మగవాళ్లంతా నేల చూపులు. ఆడవాళ్లు మాత్రం ముందుకు జరిగి జరిగి కూర్చున్నారు. సూదితో నీరు తీసిన సంగతి చెప్తుంటే వెనక నుంచి ఒకామె, "ఎంత నీరు వచ్చింది?" అని అడిగింది కూడా.

"పొద్దున తగ్గుతది, పొద్దూకినంక వస్తది. నమ్మకం లేకుంటే ఉండి చూసి పోండ్రి. నాకు ఏ బిడ్డ పుట్టలే, ఏ బిడ్డ లోపల లేదు" అన్నాను. ఆపుదామనుకున్నాను. అప్పుడు మీ అన్న కనబడ్డాడు. గని దుమ్ము పోని ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"నా పొట్ట గురించి నలుగురు మాట్లాడితే సిగ్గని నేను దాచిపెట్టిన. నా సిగ్గు కాపాడుతందుకు మా ఆయన తన సిగ్గు ఇడిచిపెట్టిండు. గిన్ని మాటలు పడ్డడు, నోరు తెరవలే. దేవుడు నాకు ఇచ్చిన మేలు గిదే. పొట్ట గాదు" అన్నాను. ఏడ్చేశాను. కుట్లు లాగాయి.

గేటు బయట నుంచి, "షుకర్ హై అల్లా!" అని ఒక్క కేక వినబడింది. సిరాజుద్దీన్ సైకిల్ ఎక్కి ఇంటికి పరుగు. తన ఆపరేషన్ నిలిచిందని భార్యకు చెప్పడానికి. చర్చి మొత్తం నవ్వింది, పాస్టరుగారితో సహా.

ఆరాధన అయ్యాక యేసమ్మ నా చెయ్యి పట్టుకుని పాస్టరుగారి వంటింట్లోకి లాక్కెళ్లి గొళ్లెం పెట్టింది. కొడుతుందేమో అనుకున్నాను. నా మొహం చూడకుండా తన పైట తొలగించి, "చూడు" అంది.

లిడియా, నాది చిన్న బిందె. ఆమెది కాగు. తీతు పుట్టినప్పటి నుంచి అంతేనట. కుచ్చిళ్లు పొట్ట మీదికి ఎత్తి కట్టి, పైన నిండుగా కొంగు కప్పుకుని ఇన్నేళ్లు దాచింది. "నన్నెవరు అడుగుతరో అని భయం వదినె. అందుకే ముందుగాల నేనే అడుగుత. నేనడిగితే అందరు ఆళ్ల దిక్కు చూస్తరు, నా దిక్కు ఎవ్వరు చూడరు" అంది. పక్కింట్లోనే ఉంటున్నావు, నువ్వు ఎప్పుడైనా గమనించావా?

నేను తిడదామని వారం రోజులుగా దాచుకున్న మాటలన్నీ ఎటు పోయాయో! ఇద్దరం పాస్టరుగారి బియ్యం డబ్బా మీద కూర్చుని ఏడ్చాం. తర్వాత ఆమె ముక్కు చీది అడిగింది, "ఆ డాక్టరమ్మ మంచిదేనా?"

పెళ్లి అనుకున్న రోజే.

నీ వదిన

•

కాసిపేట
జూన్

వదినా,

పెళ్లి అయిపోయి ఇన్ని రోజులైనా నాకింకా ఆ సందడే కళ్ల ముందు ఉంది. రూతు బాగుంది. తీతు ఆమె వెనకే తిరుగుతున్నాడు, డ్యూటీకి వెళ్లమని తల్లి తరమాల్సి వస్తోంది. ఫోటోలు వచ్చాయి, పంపుతున్నాను. పొద్దున తీసిన వాటిలో నువ్వు సన్నగా ఉన్నావు, సాయంత్రం తీసిన వాటిలో లావుగా ఉన్నావు. చూసినవాళ్లు పెళ్లికూతురికి ఇద్దరు తల్లులా అని అడుగుతున్నారు.

అసలు విషయం విను. నిన్న స్త్రీల సమాజంలో యేసమ్మ అక్క లేచి నిలబడి, తన ప్రయాణం కోసం ప్రార్థించమంది. ఎక్కడికి అక్కా అని అడిగారు. ఏం చెప్పిందనుకున్నావు?

"పుట్టింటికి పోతున్న" అంది.

వదినా, ఆమె తల్లి చనిపోయి పదేళ్లయింది. పుట్టింట్లో గోడలు కూడా లేవు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకామె అప్పుడే వేళ్ల మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

లిడియా

•

గోదావరిఖని
జూన్

లిడియాకు,

ఫోటోలు అందాయి. సాయంత్రం ఫోటోనే పటం కట్టించి గోడకు పెట్టించాను. వాపు ఇంకా పూర్తిగా పోలేదు. మొన్న నల్లా దగ్గర కొత్తగా వచ్చిన క్వార్టరు ఆమె, "ఎన్నో నెల అక్కా?" అని అడిగింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, బొడ్డుతో సహా. ఆమె నీళ్ల వంతు తప్పిపోయింది.

యేసమ్మ పుట్టింటి సంగతికి ఏం బాధపడకు. మా అమ్మ ఇల్లు ఉంది కదా. అమ్మకు ఉత్తరం రాశాను. నా నడికట్టు ఉతికి, ఎండలో ఆరేసి, మడత పెట్టి ఉంచాను. పొడవు చాలదు, ఇంకో చీర చింపి కలిపి కుడుతున్నాను. నేను కూడా వెంట వెళ్లి పది రోజులు ఉంటాను. మీ అన్న తనే వండుకుంటానన్నాడు. ఉప్పు వేసుకోవచ్చని అంత సంతోషం.

ఒక్క పని నువ్వు చెయ్యాలి. యేసమ్మ బయల్దేరకముందే ఆమె భర్త, మా వియ్యంకుడి దగ్గరికి వెళ్లి గట్టిగా చెప్పు. ఆయన అసలే మాట్లాడని మనిషి. ఎవరైనా వచ్చి నీ భార్య ఎక్కడికి పోయిందని అడిగితే, ఆపరేషన్‌కు పోయిందని ఉన్నదున్నట్టు చెప్పమను. మీ అన్నలాగా నోరు మూసుకుని కూర్చుంటే, ఆ మనిషిని చూసి ఏడ్చే ఓపిక నాకు మళ్లీ లేదు.

నీ వదిన,
సుసన్నా